‘ప్లీజ్ స్పీక్’ గారికి ఒక ఇంజినీరు విన్నపం

మహారాజశ్రీ ‘ప్లీజ్ స్పీక్’ గారి దివ్యసముఖమునకు,

హైదరాబాదులోని ఒక రక్షణ ఉత్పత్తుల కర్మాగారంలో పద్నాలుగేళ్లుగా డిజైన్ ఇంజినీరుగా పనిచేస్తున్న అల్పుడు నమస్కరించి వ్రాయునది. నిన్న ఉదయం నా ఫైలు మార్జిన్‌లో పై అధికారి ఆకుపచ్చ సిరాతో, ఏటవాలుగా రాసిన ‘వచ్చి మాట్లాడండి’ అనే రెండు ముక్కలుగా, తమరు మరోసారి దర్శనమిచ్చారు. ఈ ఒక్క ఫైలులోనే ఇది నాలుగోసారి.

విషయం తమకు తెలియనిది కాదు. ఒక ఎలక్ట్రానిక్ పెట్టె మూతకు బిగించే ఎం4 స్క్రూ పొడవును 12 మిల్లీమీటర్ల నుంచి 10కి తగ్గించమని కోరాను. వైబ్రేషన్ టేబుల్ మీది నుంచి దించి మూత విప్పినప్పుడు, లోపలి వైరు తొడుగు మీద స్క్రూ మొన గీసిన గీత కనిపించింది. గోటితో గీరినంత సన్నగా, రాగి ఇంకా బయటపడకుండా. ఫొటో జతచేశాను, సవరించిన డ్రాయింగు జతచేశాను. జేఎస్ఎస్ 55555 అనే సైనిక పరికరాల పరీక్షా ప్రమాణం ప్రకారం వేడికీ చలికీ కుదుపుకీ ఉప్పు తేమకీ పెట్టెను పరీక్షిస్తాం గానీ, తమరి ధాటికి ఎన్నాళ్లు నిలుస్తుందో చూసే పరీక్ష అందులో లేకపోవడం పెద్ద లోపమే.

మాట్లాడమన్నారు, సంతోషం. ఎక్కడ మాట్లాడను? పొద్దున్నే గేటు దగ్గర ఫోను లాకరులో పెట్టి, టోకెను జేబులో వేసుకుని లోపలికి వస్తాను. మెట్ల దగ్గర 1923 నాటి అధికార రహస్యాల చట్టాన్ని గుర్తుచేస్తూ, పని సంగతులు ఎవరితోనూ ముచ్చటించరాదనే బోర్డు ఉంటుంది. నేను చేసేది ‘ఏవో పెట్టెలు’ అని మాత్రమే మా ఆవిడకు తెలుసు. (మీట నొక్కేది మా అల్లుడేనని మామగారు పెళ్లిళ్లలో చెబుతుంటారు, అది వేరే సంగతి.) ఇన్ని నోళ్లు మూయించిన చోట, దయచేసి మాట్లాడమని బతిమాలేది తమరొక్కరే. తమరిని రాసిన పెద్దాయనేమో చాందీపూర్‌లో ప్రయోగ పరీక్షకు వెళతారు, అక్కణ్నుంచి ఢిల్లీలో సమీక్షకు.

నిన్న ఆయన ఊళ్లోనే ఉన్నారని తెలిసి, మధ్యాహ్నం రెండింటికే వెళ్లి, ఎల్1 ధరకు, అంటే టెండర్లలో అందరికన్నా తక్కువ ధరకు, వచ్చిన పుణ్యాన ఒక కాలు పొట్టిగా ఉన్న కుర్చీలో అయిదుంబావు దాకా ఊగుతూ కూర్చున్నాను. ఆ కాలు రెండు మిల్లీమీటర్లు తగ్గడానికి మాత్రం ఎవరి సంతకమూ అక్కరలేకపోయింది.

చివరికి పిలిచారు. స్క్రూ పొడవు సంగతి చెప్పాను. ఆయన కళ్లద్దాలు తీసి, జాలిగా చూసి, “ఈమాత్రం దానికి రావడమెందుకయ్యా, ఫైల్లో రాస్తే సరిపోయేది కదా!” అన్నారు.

మూడో పేజీలో రాశాను. ఫొటో కింద రాశాను. నువ్వు తిష్ఠవేసిన చోటికి సరిగ్గా పక్క పేరాలో రాశాను! సంతకం పెడితే బాధ్యత మీద పడుతుంది, కుదరదంటే కారణం చూపించాలి. నిన్ను గిలికి పారేస్తే రెండూ తప్పుతాయి, చదివే శ్రమ కూడా తప్పుతుంది. నువ్వు పలికించే మాటల కోసం ఆరు నెలలుగా స్టోర్స్‌లో పెట్టెలు ట్యాగులు కట్టుకుని మూగగా పడి ఉన్నాయి. పోనీ వాషరు ఒకటి అదనంగా వేద్దామంటే, దానికీ మరో ఫైలు, అందులోనూ నువ్వే.

కోపం మన్నించగలరు. ఈ ఉదయం ‘చర్చించిన మేరకు’ అని ఒక నోటు జతచేసి పంపితే ఆయన సంతకం పెట్టారు. ఫైలు ఆర్థిక విభాగానికి వెళ్లింది. స్క్రూ పొట్టిదవుతోంది కనుక ధర ఎంత తగ్గుతుందని వారు అడిగారట. ఆ ప్రశ్న పక్కనే, ఈసారి నీలి సిరాలో, తమరు కూడా ఉన్నారట.

ఇట్లు,
లాకరు టోకెను నంబరు 117