ఎండని సముద్రం

నూనె రంగులతో సముద్రాన్ని గీయాలన్న కోరిక నాకు అండమాన్ వచ్చాకే పుట్టింది. వరండాలో నిలబడితే సముద్రం, ఆఫీసు కిటికీలోంచి చూస్తే సముద్రం, కూరగాయల సంచీతో గట్టెక్కి ఆయాసపడుతూ తల తిప్పితే మళ్లీ సముద్రం. ఇంత సరుకు ఉచితంగా పడి ఉండగా వాడుకోకపోవడం పాపమనిపించింది.

తెలుగువాళ్లకు పోర్ట్‌బ్లెయిర్ మరీ పరాయి ఊరేమీ కాదు. శ్రీకాకుళం, విశాఖ వైపు నుంచి వచ్చి స్థిరపడిన కుటుంబాలు చాలానే ఉన్నాయి. చేపల బజారులో తెలుగులోనే బేరమాడవచ్చు, తెలుగులోనే మోసపోవచ్చు. 2024 సెప్టెంబరులో ఊరి పేరు శ్రీవిజయపురంగా మారింది. ఆ జులైలో నేను ‘పోర్ట్‌బ్లెయిర్’ అని వెనకాల రాసుకుని మొదలుపెట్టిన బొమ్మ, పేరు మారే నాటికి ఇంకా వేలికి అంటుతూనే ఉంది.

చిక్కంతా అక్కడే. నూనె రంగు ఆరడమంటే తడి ఆవిరైపోవడం కాదు. అందులోని అవిసె నూనె గాలిలోని ప్రాణవాయువును పీల్చుకుని మెల్లగా గట్టిపడాలి. పల్చటి పూతయితే రోజుల్లో ఆరుతుంది. అలల నురగ కోసం కత్తితో మెత్తిన తెల్లరంగయితే నెలలు పడుతుంది. వాన గాలిలో అది కూడా బద్ధకిస్తుంది. ఇక్కడ రెండు రుతుపవనాలూ వంతులేసుకుని ఏడాదికి సుమారు 3,000 మిల్లీమీటర్లు కురుస్తాయి. డబ్బాలో ఉప్పు నీరవుతుంది, చెప్పులకు బూజు పడుతుంది. మా ఆవిడ మొదటి రోజే తేల్చేసింది: “వడియాలే ఎండని ఊళ్లో సముద్రం ఎండుతుందా?”

అప్పటికి నవ్వేశాను. రంగులు తెప్పించుకోవడమే ఒక యాగం మరి, వెనక్కి తగ్గే దశ దాటిపోయింది. రంగును పల్చన చేసే టర్పెంటైన్‌ను విమానంలోకి రానివ్వరు. గొట్టాలన్నీ చెన్నై నుంచి ఓడలో మూడు రోజులు ఊగుతూ వచ్చాయి. అల్ట్రామెరీన్ అనే నీలానికి లాటిన్‌లో ‘సముద్రానికి అవతలిది’ అని అర్థం. ఒకప్పుడు ఆ రంగు తీసే నీలిరాయి ఆఫ్ఘనిస్థాన్ నుంచి సముద్రం దాటి ఐరోపా చేరేదట, అందుకని ఆ పేరు. సముద్రం నడుమ కూర్చుని, సముద్రం గీయడానికి, సముద్రం అవతలి నుంచి నీలం తెప్పించుకున్నవాణ్ణి నేను.

పోనీ తీరిగ్గా గీద్దామంటే వెలుతురు ఉండదు. దేశం గడియారం 82.5 డిగ్రీల రేఖాంశం దగ్గర నడుస్తుంది. మేమున్నది దానికి పది డిగ్రీలు తూర్పున. మా సూర్యుడు గడియారం కన్నా నలభై నిమిషాలు ముందే పని ముగించుకుంటాడు. నవంబరులో సాయంత్రం అయిదింటికి నేను ఆఫీసు నుంచి బయటపడేసరికి ఆయన అప్పుడే ఇల్లు చేరి ఉంటాడు. అందుచేత నా సూర్యాస్తమయాలన్నీ ఆదివారాలే.

కిందటి కార్తీకంలో మిత్రుడొకాయన గృహప్రవేశం పెట్టుకున్నాడు. “గురువుగారూ, హాల్లోకి మీ చేతి బొమ్మ ఒకటి కావాలి” అన్నాడు. నన్ను అలా పిలిచేది ఆయన ఒక్కడే కాబట్టి కాదనలేకపోయాను. ఏ దృశ్యం కావాలంటే జేబులోంచి పాత ఇరవై రూపాయల నోటు తీశాడు. దాని వెనక ఉండే కొబ్బరి చెట్లూ, సముద్రమూ, దూరంగా లైట్‌హౌసూ మా ఊరివే. కొత్త నోటు మీదికి ఎల్లోరా వచ్చి మమ్మల్ని పక్కకు నెట్టింది. ఆ వెలితిని తన గోడ మీద తీర్చమని ఆయన కోరిక. దొంగనోటు ముద్రిస్తున్నంత ఏకాగ్రతతో నాలుగు ఆదివారాలు కూర్చున్నాను. నార్త్‌బే లైట్‌హౌసుకు ఎరుపు, తెలుపు పట్టీలు దట్టంగా మెత్తాను. వేశాక నాకే ముచ్చటేసింది. తగ్గకుండా మళ్లీ మెత్తాను.

ముహూర్తం ముందు రోజు సాయంత్రం వేలితో తాకి చూస్తే బొమ్మ అప్పుడే పోసిన పాయసంలా ఉంది.

మా ఇంట్లో చెక్క బీరువా ఉంది. అందులో బట్టలకు బూజు పట్టకుండా ఒక బల్బు రాత్రింబవళ్లు వెలుగుతుంది. ఈ కాలపు ఎల్‌ఈడీ కాదు, ఒళ్లు వేడెక్కే పాతరకం 40 వాట్ల బల్బు. ఊరు మొత్తం మీద ఎండ ఉన్నది ఆ ఒక్క చోటే అని నాకు ఆ రాత్రి తోచింది. మా ఆవిడ నిద్రపోయాక బొమ్మను తీసుకెళ్లి బీరువాలో పెట్టాను. అడ్డంగా పట్టలేదు, నిలువునా దూర్చాను. పక్కన నా ఇస్త్రీ చొక్కా వేలాడుతోంది. తెల్లది, పండగలకు మాత్రమే తీసేది. రెండింటికీ మధ్య జానెడు దూరం ఉంచానన్నది ఇప్పటికీ నా వాదన.

ముహూర్తం తెల్లవారుజామున 3 గంటల 48 నిమిషాలకు. సరిగ్గా రెండున్నరకు కరెంటు పోయింది. చీకట్లో తడుముకుని చొక్కా తొడిగాను. టర్పెంటైన్ వాసన వచ్చింది. మా ఇంట్లో సాంబారు కూడా అదే వాసన వేస్తుంది కాబట్టి పట్టించుకోలేదు. బొమ్మ రంగు దేనికీ తగలకుండా నాలుగు మూలలా బిరడాలు పెట్టి, అట్టపెట్టెలో భద్రంగా సర్దాను. ఆ జాగ్రత్త చూసి నన్ను నేనే మెచ్చుకున్నాను.

పాలు పొంగాయి. వ్రతానికి మిత్రుడు నన్ను ముందు వరుసలో కూర్చోబెట్టాడు. కథ రెండో అధ్యాయం దగ్గరకు వచ్చేసరికి నా వెనక జనం చిక్కబడసాగారు. గుసగుసలు, మధ్యమధ్య ఆపుకున్న నవ్వులు. బొమ్మ సంగతి అప్పుడే పాకిపోయిందనుకుని వీపు ఇంకాస్త నిటారుగా పెట్టాను. పంతులుగారు మాత్రం కథ ఆపి, హారతి పళ్లెం మీదుగా నా వెనకున్న వాళ్లను ఉరిమి చూశారు. అప్పుడొక పిల్లవాడు గట్టిగా అడిగాడు:

“మామయ్యగారూ, మీ చొక్కా మీద కొబ్బరి చెట్లు ఎందుకు పడిపోయాయి?”

మెడ ఎంత తిప్పినా మనిషికి తన వీపు కనబడదు. మా ఆవిడకు కనబడింది. ఆవిడ ఏమీ అనలేదు. అందుకే నాకు భయం వేసింది.

బొమ్మ నిలువునా నిలబడింది కదా, నా వీపు మీద సముద్రం కాలరు నుంచి కిందికి నిలువునా దిగింది. కొబ్బరి చెట్లు తుఫాను వెలిసిన మర్నాటిలా వరసగా నేలకొరిగాయి. లైట్‌హౌసు కుడి భుజం కింద పడుకుంది. తెల్లచొక్కాలో తెల్లపట్టీలు కలిసిపోయి ఎర్రపట్టీలు మాత్రమే గాల్లో తేలుతున్నాయి.

ఇక పెట్టె విప్పక తప్పలేదు. నోటు మీది దృశ్యంలో లైట్‌హౌసు ఉండవలసిన చోట నా చొక్కా నేత అచ్చు పడి ఉంది. ఒక బొత్తాం కూడా ముద్రపడింది. మిత్రుడు బొమ్మ వంక చూశాడు, నా వంక చూశాడు. చివరికి ఎంతో మర్యాదగా, “గురువుగారూ, కాస్త అటు తిరిగి దీని పక్కన నిలబడతారా? ఫోటోలోనైనా మొత్తం వస్తుంది” అన్నాడు. నిలబడ్డాను. ఆ రోజు తీసిన ఫోటోలన్నింటిలోనూ నా మొహం గోడకేసే ఉంది.

చొక్కాకు నిమ్మకాయ, కిరసనాయిలు, బట్టల సబ్బు, మా ఆవిడ కోపం అన్నీ పట్టించాం. ఏదీ పని చేయలేదు. బొమ్మను మరమ్మతు చేసిస్తానని వెనక్కి తెచ్చాను. పుష్యం వెళ్లింది, మాఘం వెళ్లింది, అది ఇంకా వేలికి అంటుతూనే ఉంది. గృహప్రవేశమైన నాలుగో రోజునే మా ఆవిడ దండెం మీంచి చొక్కా తీసుకొచ్చి నా ఒళ్లో పడేసింది.

లైట్‌హౌసును వేలితో నొక్కి చూశాను. శుభ్రంగా ఎండిపోయింది.