తుండుగుడ్డ న్యాయశాస్త్రం

ఒంగోలు బస్టాండులో కందుకూరు బస్సు ఆగీ ఆగకముందే కిటికీలోంచి సీటు మీద పడే తుండుగుడ్డకు ఏ చట్టమూ అండగా నిలవదు. అయినా దానిని పక్కకు విసిరి కూర్చునే సాహసం మన జిల్లాలో బహు కొద్దిమందికే ఉంటుంది. ఒకే ఫైలును ఇద్దరు ఒకేసారి రాసి పాడుచేయకుండా లినక్స్, మ్యాక్ మొదలైన యునిక్స్ వంశపు ఆపరేటింగ్ సిస్టమ్‌లు ఫైలుకు వేసే తాళం సరిగ్గా ఈ తుండుగుడ్డే. దానిని సలహా తాళం అంటారు: సీటు ఖాళీయేనా అని అడిగినవాడికి కాదని చెబుతుంది, అడగకుండా కూర్చున్నవాడిని ఏమీ అనదు. విండోస్‌ది రిజర్వేషన్ బోగీ పద్ధతి. తాను ఉండగా ఇతరులు ఆ ఫైలును చదవవచ్చునా, రాయవచ్చునా, చెరపవచ్చునా అన్నది తెరిచేటప్పుడే తేల్చి చెప్పాలి. వద్దన్న తరువాత ఆపరేటింగ్ సిస్టమే టీటీఈ లాగా అడ్డు నిలబడుతుంది. ఈ రెండు కులాలకూ ఒకే షేర్డ్ ఫోల్డర్‌లో కాపురం పెట్టించిన ఘనత చీమకుర్తిలోని మా గ్రానైట్ కార్యాలయానికి దక్కింది.

సర్వర్ లినక్స్‌ది, గుమస్తాల యంత్రాలు విండోస్‌వి, యజమాని గారి అబ్బాయిది మ్యాక్. నడుమ దుబాసీగా సాంబా ఉంది. 1990ల తొలినాళ్లలో ఆస్ట్రేలియాలో ఆండ్రూ ట్రిడ్జెల్ ఆరంభించిన ఈ సాఫ్ట్‌వేర్ విండోస్ వారి రిజర్వేషన్లను తన సొంత చిట్టాలో భద్రంగా రాసుకుంటుంది. చిక్కల్లా క్వారీ నుంచి వచ్చే బ్లాకుల కొలతలను గుమస్తాలు తెరిచే ఎక్సెల్ ఫైలులోనే ఎక్కించే మా స్క్రిప్టు అనే చిన్న ప్రోగ్రాంతోనే. అది ఎన్‌ఎఫ్‌ఎస్ అనే, యునిక్స్ వంశీకులు నెట్‌వర్క్ మీద ఫైళ్లు పంచుకునే పెరటి గుమ్మంలో నుంచి వస్తుంది కనుక, వీధి గుమ్మం దగ్గర చిట్టా ఒకటి ఉందన్న సంగతే దానికి తెలియదు.

గత రొట్టెల పండుగ నాడు కంటైనరు బయలుదేరే వేళకు ఆ ఫైలు తెరవబోతే, దానిని ‘అడ్మిన్’ వాడుతున్నారని ఎక్సెల్ సెలవిచ్చింది. ఎక్సెల్ చూపేది నెట్‌వర్క్ లాగిన్ పేరును కాదు, ఆఫీస్ సెట్టింగుల్లో రాసి ఉన్న పేరును. మా యంత్రాలన్నీ ఒకే నమూనా నుంచి దింపినవి కావడంతో ఎనిమిదిమందిమీ అడ్మిన్‌లమే. విచారణ మొదలైంది. “నేనింకా తెరవలా సార్, టీ తాగి ఇప్పుడే కూర్చున్నా” అన్న వాంగ్మూలం ఏడు కుర్చీల నుంచి అక్షరం పొల్లుపోకుండా ఏడుసార్లు వచ్చింది. సర్వర్‌ను ఆపి మళ్లీ వేస్తే సరిపోతుందని పెద్దలు తీర్మానించారు. ఒక సీటు తగాదాకు బస్సులోని వారందరినీ దించేసే ఈ తీర్పు పట్ల నాకు మొదటి నుంచీ గౌరవం లేదు. ఎస్‌ఎంబీస్టేటస్ అన్న ఒక్క ఆజ్ఞ చాలు, ఏ యంత్రం ఏ ఫైలును పట్టుకుందో ప్రాసెస్ నంబరుతో సహా సాంబా చెప్పేస్తుంది.

చెప్పింది కూడా. ఎనిమిదో కుర్చీ అకౌంటెంట్ గారిది. ఆయన పావుగంట కిందట ఫైలు మూయకుండా ల్యాప్‌టాప్ మూత మూసి, సొంతింటి రొట్టె కోసం నెల్లూరు స్వర్ణాల చెరువుకు బయలుదేరారు. మూత పడిన ల్యాప్‌టాప్ పోయినట్టు కాదు, ఉన్నట్టూ కాదు. మాటామంతీ లేని కనెక్షన్‌లో అవతలివాడు బతికే ఉన్నాడా అని ఒకసారి పలకరించడానికే లినక్స్ మామూలుగా 7,200 సెకన్లు ఆగుతుంది. రెండు గంటల పాటు ఇంతటి మర్యాద మన వియ్యాలవారి ఇళ్లలో కూడా చూడం.

ఎన్‌ఎఫ్‌ఎస్ వారి వారసత్వ చట్టం ఇంతకంటే రమ్యమైనది. మూడవ వెర్షన్‌లో తాళానికి గడువే లేదు. తాళం వేసిన యంత్రం హఠాత్తుగా కన్నుమూస్తే, అదే యంత్రం తిరిగి లేచి “నేను పోయి వచ్చాను, నా తాళాలు తీసేయండి” అని స్వయంగా విన్నవించుకోవాలి. లేవనివాడి తాళం అలాగే ఉండిపోతుంది. నాలుగవ వెర్షన్‌లో బుద్ధి తెచ్చుకుని అద్దె పద్ధతి పెట్టారు. లినక్స్ సర్వర్‌లో మామూలు గడువు 90 సెకన్లు, ఆలోగా పునరుద్ధరించుకోనివాడి హక్కు చెల్లదు. యునిక్స్ వంశానికి ఉమ్మడి ప్రమాణమైన పోసిక్స్ చెప్పే తాళానిది మరో విడ్డూరం: ఒక ప్రోగ్రాం తాను తాళం వేసిన ఫైలునే రెండోసారి తెరిచి, ఊరికే చూసి మూసినా, మొదట వేసిన తాళాలన్నీ చెప్పాపెట్టకుండా ఊడిపోతాయి. అల్మారాకు తాళం వేసి, వంటింటి తలుపు మూయగానే అల్మారా తెరుచుకున్నట్టు.

సేవ్ చేయని పని ఏమైనా ఉందేమో కనుక్కోకుండా ఒకరి సెషన్‌ను చంపడం అధర్మమని నేను పట్టుబట్టడంతో, బస్సులో ఉన్న అకౌంటెంట్ గారికి ఫోన్ చేశాము. ఆయన ఏమాత్రం తొణకలేదు.

“దాన్ని చంపేయండి సార్, నేనేం అనుకోను. అది ఎప్పుడు తెరిచినా రీడ్ ఓన్లీ, రీడ్ ఓన్లీ అని విసిగిస్తా ఉంటే, పోయిన నెల నుంచి ‘బ్లాకుల లిస్టు కొత్తది ఫైనల్ 2’ అని నా డెస్క్‌టాప్ మీద వేరే కాపీ పెట్టుకుని అందులోనే రాస్తున్నా. ఇది ఊరికే పక్కన పెట్టుకుని చూసుకునేదానికి తెరిచినా, అంతే.”