టోపీ టోకెన్ వదిలేశాడు బావా

(ఆదివారం సాయంత్రం, ఆర్కే బీచ్. ఇద్దరి చేతుల్లో మురీ మిక్చర్ పొట్లాలు. రాత్రి చూసింది 1967 నాటి ఫ్రెంచ్ సినిమా ‘లె సమురాయ్’, మెల్విల్ తీసింది. డబ్బులకి మర్డర్లు చేసేవాడిగా అలాన్ డెలాన్.)

బావ: ఏటిరా అది, మొదటి పది నిముషాలు ఎవడూ ఒక్క ముక్క మాట్లాడడు. వాడు మంచం మీద పడుకుని సిగరెట్ కాలుస్తాడు, పంజరంలో పిట్ట కిచకిచమంటాది. నేను సౌండ్ పోయిందేమో అని రెండుసార్లు వాల్యూమ్ పెంచాను.

బామ్మర్ది: మజా అక్కడే ఉంది కదా బావా, కారు కొట్టేసే సీన్ చూశావా, తాళాల గుత్తి పక్క సీట్లో పెట్టుకుని ఒక్కోటి పెట్టి తిప్పుతుంటాడు, అద్దం మీద వాన కారతా ఉంటాది, మొహంలో చలనం లేదు, మన సినిమా అయితే ఈపాటికి బీజీఎం చెవులు పగలగొట్టేసేది.

బావ: స్టైల్ కాదన్లేదు. డబ్బులిచ్చారని క్లబ్ ఓనర్ని చంపాడు, ఎందుకో చెప్పరు. ఆ చచ్చినోడి కోసం సినిమాలో ఒక్కడైనా ఏడ్చాడా? మనం మాత్రం వీడి కోసం దిగులు పడాలి, కోటు బాగుంది కాబట్టి. గాజువాకలో మూడేళ్లు ఒంటి గదిలో ఉన్నాన్రా నేను, నైట్ షిఫ్టులు చేసొచ్చి పడుకుంటే పలకరించే నాథుడు లేడు. ఒంటరోడి గదంటే అంట్ల గిన్నెలు, విడిచిన బట్టలు. వీడి గదిలో బీరువా మీద నీళ్ల సీసాలు కూడా వరసలో ఉన్నాయి!

బామ్మర్ది: ఆ వరసే వాడి పిచ్చి. జాలి పడమని ఎవడన్నాడు, వాడి మీద వాడికే లేదు. ఆఖర్న క్లబ్‌కెళ్లి టోపీ ఇస్తాడు, వాళ్లిచ్చిన టోకెన్ కౌంటర్ మీదే వదిలేస్తాడు. మళ్లీ తీసుకునే పని లేదని వాడికి తెలుసు.

బావ: ఆ తర్వాతేగా, పోలీసులకి వీణ్ణి పట్టివ్వని పియానో అమ్మాయి మీద తుపాకీ పెడతాడు, పోలీసులు కాల్చేశాక చూస్తే అందులో గుళ్లే లేవు. నాకు ఒళ్లు మండింది అక్కడే. హంతకుణ్ణి చివరి నిముషంలో మంచోణ్ణి చేసేశారు.

బామ్మర్ది: మంచోడేం కాలేదు బావా. పనిచ్చినోళ్లే చంపబోయారు, పోలీసులు మెట్రోలో కూడా వదల్లేదు, ఇంకెక్కడికెళ్తాడు?

బావ: ఏమో. టోకెన్ అయితే నేను చూళ్లేదు... సరేగానీ ఆ పిట్ట ఏమైందిరా?

బామ్మర్ది: సినిమాలో చెప్పరు. బయట మాత్రం, అదే ఏడాది మెల్విల్ స్టూడియో తగలబడిపోయింది, పాపం ఆ మంటల్లోనే పోయింది.

బావ: ఓరి నీ... దానికోసం ఏడవొచ్చురా.