డ్రోను అడిగే గురుదక్షిణ

ద్రోణాచార్యుడు అడిగిన తక్షణమే ఏకలవ్యుడు కుడిచేతి బొటనవేలు కోసి ఇచ్చాడని విని తరతరాలుగా కంటతడి పెట్టుకున్న జాతి మనది. పేరులో కాస్త అటూ ఇటూగా అదే గురువు ఇప్పుడు నాలుగు రెక్కలు తొడుక్కుని పెళ్లిపందిళ్ల మీదా, గోదావరి ఇసుకతిన్నెల మీదా గిరగిరా తిరుగుతూ అదే దక్షిణ వసూలు చేసుకుంటున్నాడు. తేడా ఒక్కటే. ఆయన అడిగితే ఇచ్చారు, ఈయనకు అడగకుండానే చెయ్యి చాపుతున్నాం.

ఎగిరే డ్రోన్‌ను నేల మీద దించకుండా గాలిలోనే చేత్తో ఒడిసిపట్టే ఆచారాన్ని కొందరు తొందరపడి మూర్ఖత్వం అంటున్నారు కానీ, దాని వెనుక ఉన్న అర్థశాస్త్రాన్ని వారు గమనించినట్టు లేదు. నేల మీద ఇసుక ఉంటుంది, దుమ్ము ఉంటుంది, గడ్డి ఉంటుంది. ఇసుక రేణువు మోటారులో దూరితే మోటారు పోతుంది, గడ్డిపరక తగిలితే కెమెరాను నిలకడగా పట్టి ఉంచే గింబల్ వంకర పోతుంది, ఈ రెండూ డబ్బు పోసి కొనుక్కోవలసినవి. వేళ్లు అలా కాదు. పుట్టుకతోనే ఉచితంగా వచ్చాయి, పైగా పది ఉన్నాయి. ఖరీదైన దాన్ని కాపాడడానికి ఉచితమైన దాన్ని అడ్డుపెట్టడంలో తప్పు పట్టవలసింది ఏముందో నాకు తెలియదు.

ఈ సిద్ధాంతాన్ని నేను పుస్తకాల్లో చదివి నేర్చుకోలేదు. మొన్న మాఘమాసంలో మా ఇంటి పెళ్లిలో, పట్టుపంచె కట్టుకుని కండువా వేసుకుని, స్వహస్తంతో నేర్చుకున్నాను. మా మేనల్లుడు మండపం చుట్టూ నాలుగు ప్రదక్షిణలు తిప్పిన డ్రోన్‌ను నా నెత్తికి రెండు మూరల ఎత్తున నిలబెట్టి, రిమోట్ మీద నుంచి కళ్లెత్తకుండా, "మావయ్యా, బ్యాటరీ అయిపోతోంది, మీరు కాస్త కింద నుంచి పట్టేయండి, నేను ఆపేస్తాను" అన్నాడు. ఇంటికి పెద్దవాడిని, పెళ్లిలో అప్పటిదాకా ఎవరూ నాకు ఏ పనీ చెప్పలేదు. ఉత్సాహంగా చెయ్యెత్తాను.

అది పైకి లేచింది. మునివేళ్ల మీద నిలబడి మళ్లీ చెయ్యి చాపాను, మళ్లీ లేచింది. చుట్టూ చేరిన పిల్లలు నవ్వడం మొదలుపెట్టారు. తరువాత తెలిసిన విషయమేమిటంటే, చాలా మోడళ్లకు పొట్ట కింద నేల ఎంత దూరంలో ఉందో కొలిచే సెన్సర్లు ఉంటాయి. అరచెయ్యి కిందికి రాగానే, నేల ఉన్నట్టుండి పైకి లేచి వస్తోందని అవి భ్రమపడి, డ్రోన్‌ను కాపాడే ప్రయత్నంలో దాన్ని ఇంకొంచెం ఎత్తుకు తీసుకుపోతాయి. అప్పటికి నాకు ఈ విజ్ఞానం లేదు గనుక, అది నన్ను ఆట పట్టిస్తోందని నిశ్చయించుకుని, ఎగిరి పక్క నుంచి దాని కాలు పట్టుకున్నాను.

అసలు కథ ఇక్కడే ఉంది. పట్టుకోగానే డ్రోన్ నా వైపు ఒరిగింది. డ్రోన్‌కు పుట్టుకతో వచ్చిన ధర్మం ఒక్కటే, సమతలంగా నిలబడడం. ఒంగిన మరుక్షణం లోపలి జైరోస్కోపు ఆ సంగతి కనిపెడుతుంది, ఒరిగిన వైపు మోటార్లను మరింత వేగంగా తిప్పి లేపడానికి చూస్తుంది, అయినా లేవకపోతే ఇంకా గట్టిగా తిప్పుతుంది. పట్టుకున్నది మనిషి చెయ్యి అని దానికి ఎవరు చెబుతారు? దాని లెక్కలో నేను పెళ్లికూతురి మేనమామను కాను, ఈదురుగాలిని. ఈదురుగాలితో ఎలా పోరాడాలో దానికి బాగా నేర్పారు. ఎండుతాటాకు చీల్చినట్టు చప్పుడైంది, చూపుడువేలి పక్కన రెండుచోట్లా బొటనవేలి మొదట్లో ఒకచోటా తెల్లగా గీతలు కనబడ్డాయి, ఆ గీతలు ఎర్రబడేలోపు నాకు నొప్పి కూడా తెలియలేదు. ఎవరో పసుపు అద్దబోయారు. పెళ్లింట్లో దానికి కొదవేముంది? కుళాయి నీళ్ల కింద కడిగి, శుభ్రమైన గుడ్డతో గట్టిగా అదిమి చెయ్యి పైకెత్తి పట్టుకోమన్నది వంటమేస్త్రి ఒక్కడే. కత్తులతో కాపురం చేసేవాడు కదా! వేళ్లు వంగుతున్నాయా, కొసల్లో స్పర్శ ఉందా అని కూడా అతనే అడిగాడు. లేకపోతే నరమో కండరాన్ని ఎముకకు కలిపే తాడో తెగినట్టు లెక్క, అప్పుడు పెద్దాసుపత్రికే.

ఇంత చిన్న ప్లాస్టిక్ రెక్క ఇంత పని చేస్తుందా అని అనుమానించేవారి కోసం చిన్న లెక్క చెబుతాను. 12 సెంటీమీటర్ల వ్యాసం ఉన్న ప్రొపెల్లర్ నిమిషానికి 10,000 చుట్లు తిరిగితే దాని కొన గంటకు సుమారు 226 కిలోమీటర్ల వేగంతో పోతుంది. మన వందే భారత్ రైళ్లు నడిచే గరిష్ఠ వేగం 160. వెళ్తున్న రైలుకు వేలు అడ్డుపెట్టని వివేకవంతులం, పావుకిలోకు ఒక్క గ్రాము తక్కువ తూగే డ్రోన్‌కు మాత్రం పెడతాం. ఆ ఒక్క గ్రాము తక్కువ కావడంలోనూ పరమార్థం ఉంది. మన దేశపు 2021 డ్రోన్ నియమాల ప్రకారం 250 గ్రాముల వరకు ఉన్నవి నానో తరగతి, వాటిని ఎగరేయడానికి పైలట్ సర్టిఫికెట్ అక్కర్లేదు. ముందస్తు అనుమతి అక్కర్లేని ప్రాంతమైన గ్రీన్ జోన్‌లో 400 అడుగుల దాకా ఎగరవచ్చునని కూడా ఆ నియమాలు చెబుతాయి. చిట్టచివరి ఆరడుగులు మాత్రం మన విచక్షణకే మిగిలాయి, ఆస్పత్రులకు గిరాకీ అక్కడే.

ఈ విషయంలో మనవాళ్లే అమాయకులని ఎవరూ చిన్నబుచ్చుకోనక్కర్లేదు. స్పానిష్ గాయకుడు ఎన్రికే ఇగ్లేసియాస్ 2015 మే 30న మెక్సికోలోని తిహువానా నగరంలో పాడుతూ, ప్రేక్షకులను చిత్రీకరిస్తున్న డ్రోన్‌ను అలవాటు ప్రకారం వేదిక మీద నుంచే చేత్తో అందుకోబోయి వేళ్లు కోసుకున్నాడు. చేతికి కట్టు కట్టించుకుని, నెత్తురోడుతూనే దాదాపు అరగంట పాడి, ఆ తరువాత శస్త్రచికిత్సకు వెళ్లాడు. ఆయన వృత్తి కళాకారుడు, రక్తమోడినా ప్రదర్శన ఆపలేదు. నేను మాత్రం అక్షింతలు వేసే సమయానికి డాక్టరు దగ్గర టెటనస్ ఇంజెక్షన్ చేయించుకుంటున్నాను.

ఇంత చెప్పినా పట్టి తీరతామనే దీక్షాపరులకు విధివిధానం చెప్పకపోవడం పాపం. ముందుగా కండువా, చున్నీ, వదులు చేతుల చొక్కా, విరబోసిన జుట్టు ఇవన్నీ దూరం పెట్టాలి. చేతులకు బిగుతుగా అతుక్కునే తోలు తొడుగులు వేసుకోవాలి. ఊలుతో అల్లిన వదులు తొడుగులు వేసుకుంటే రెక్క వాటిని చుట్టుకుని వేలిని తనవైపు లాక్కుంటుంది. డ్రోన్ వీపు మన వైపు ఉండాలి, అప్పుడే రిమోట్ మీద కుడి ఎడమలు మనకు తారుమారు కావు. ముఖం పక్కకు తిప్పుకుని, చెయ్యి పూర్తిగా చాచి, గాలి లేని చోట అది కదలకుండా నిలిచాక, కింద నుంచి నడుమునే పట్టుకోవాలి. పట్టాక ఒరగనివ్వకూడదు, మోటార్లు పూర్తిగా ఆగేదాకా ఎత్తును తగ్గించే స్టిక్‌ను కిందికి నొక్కే ఉంచాలి. పట్టేవాడూ ఆపేవాడూ వేర్వేరు మనుషులైతే, "ఇప్పుడు ఆపు" అనే మాట ఎవరు అనాలో ముందే ఒప్పందం చేసుకోవాలి. మా ఇద్దరిలో నేను "ఆపరా" అన్నప్పుడు మా వాడు "పట్టుకున్నారా?" అని అడిగాడు, ఆ సంభాషణకు పట్టిన వ్యవధిలోనే మూడో గీత పడింది. ఇక చేజారిన డ్రోన్‌ను మళ్లీ అందుకోబోవడం కొరివితో తల గోక్కోవడమే. పడనివ్వండి, పోయేది డబ్బే.

ఇది కూడా భారమనిపిస్తే రెక్కలను పంజరంలో బంధించిన డ్రోన్లు ఉన్నాయి. 125 గ్రాముల హోవర్ ఎయిర్ ఎక్స్1 అలాంటిదే, అరచేతిలో దిగడానికే దాన్ని తయారు చేశారు. విడిగా దొరికే ప్రొపెల్లర్ గార్డులు మామూలు డ్రోన్లకూ తగిలించుకోవచ్చు. ఈ మాట అంటే మా మేనల్లుడు, గార్డులు పెడితే డ్రోన్ బోనులో కోడిలా కనిపిస్తుందని, బ్యాటరీ కూడా త్వరగా అయిపోతుందని వివరించాడు. రెండో కారణం నిజమే. అతడు మొదట చెప్పింది మాత్రం మొదటిదే.

నా చేతికి కట్టు కట్టించుకుని తిరిగి వచ్చేసరికి అతడు డ్రోన్‌ను ఒళ్లో పెట్టుకుని, నాలుగు రెక్కలనూ ఒక్కొక్కటిగా వెలుతురుకు ఎత్తి చూస్తున్నాడు. నన్ను చూడగానే మొహం వికసించింది. "అదృష్టం మావయ్యా, ఒక్క రెక్కే విరిగింది, స్పేర్ ఉంది" అన్నాడు.

మర్నాడు రిసెప్షన్‌లో డ్రోన్ మళ్లీ లేచింది. ఈసారి నేను చేతులు రెండూ వెనక్కి కట్టుకుని దూరంగా నిలబడ్డాను, బంధువులు కూడా ఒక్కొక్కరే నా పక్కకు వచ్చి అలాగే నిలబడ్డారు. పట్టేవాళ్లు దొరకక మా వాడు చివరికి నేల మీద చాప పరిపించి దాని మీదికే దించాడు. దుమ్ము లేవలేదు, మోటారులో ఇసుక దూరలేదు, గింబల్‌కు గడ్డి తగల్లేదు. ఆ చాప కోసం సన్నాయి మేళం వాళ్లను లేపవలసి వచ్చింది, వాళ్లు మాత్రం కొంచెం నొచ్చుకున్నారు.