“అఫిడవిట్ ఉంటే చాలు” అన్న మాట నమ్మి విదేశంలో పెళ్లికి బయల్దేరకండి

విదేశంలో పెళ్లి చేసుకోబోయేవాళ్ల మధ్య ఒక సలహా తెగ తిరుగుతోంది. దాని సారాంశం ఇది: “కాగితాల్లో పేర్లు తేడాగా ఉన్నా టెన్షన్ పడొద్దు. పాస్‌పోర్టు ఉంటే చాలు, మిగతావి ఎవరూ పట్టించుకోరు. అడిగితే రెండు పేర్లూ నావేనని ఒక అఫిడవిట్ రాయించి, దానికి అపోస్టిల్ (కాగితం వేరే దేశంలో చెల్లడానికి ప్రభుత్వం వేసే ధ్రువీకరణ) వేయించండి, ఏ దేశమైనా ఒప్పుకుని తీరాలి. స్పెల్లింగ్ తేడాలు అనువాదంలో సర్దుకోవచ్చు. ఎలాగూ పెళ్లితో ఇంటిపేరు మారుతుంది. ఇంకేమైనా మిగిలితే పెళ్లయ్యాక మార్పించుకోవచ్చు.” ఇందులో ప్రతి ముక్కలోనూ కాస్త నిజం ఉంది. జనం నమ్మడానికి కారణం కూడా అదే.

నేనూ నమ్మినదాన్నే. మా పెళ్లికి కాగితాలు ఇచ్చిన రోజు కౌంటర్ వెనకున్న ఆవిడ నా పాస్‌పోర్టునీ బర్త్ సర్టిఫికెట్‌నీ పక్కపక్కన పెట్టి, పెన్సిల్ మొన ఒక్కో అక్షరం కింద ఆనిస్తూ చదివింది. ఒకచోట పెన్సిల్ ఆగింది. పాస్‌పోర్టులో ఒక ‘హెచ్’ ఎక్కువ ఉంది. వెంటనే అఫిడవిట్ ముందుకు జరిపాను. ఆవిడ ఓపిగ్గా చదివి, “ఇది మీరు చెబుతున్న మాట. మీ పుట్టుక నమోదు చేసిన ఆఫీసు ఏమంటోంది?” అని అడిగింది. నా దగ్గర జవాబు లేదు. పెళ్లి ఐదు వారాలు వాయిదా పడింది.

ముందు పాస్‌పోర్టు సంగతి. మీరు ఏ దేశ పౌరులో, ఫోటోలో ఉన్నది మీరేనో కాదో పాస్‌పోర్టు చెబుతుంది. మీకు ఇదివరకే పెళ్లయిందా, విడాకులు పూర్తయ్యాయా అన్నది దానికి తెలియదు. అందుకే దేశాన్నిబట్టి అడిగే కాగితాలు మారతాయి. అమెరికాలో లాస్ వేగాస్ ఉన్న క్లార్క్ కౌంటీలో ఫోటో ఉన్న ప్రభుత్వ గుర్తింపు పత్రం చూపిస్తే మ్యారేజ్ లైసెన్స్ ఇస్తారు. అక్కడ పెళ్లి చేసుకుని వచ్చినవాళ్లు “నన్నెవరూ ఏమీ అడగలేదు” అంటే అది నిజమే. అదే జర్మనీలో అయితే, ఈ పెళ్లికి అడ్డంకి లేదని మీ దేశం ఇచ్చిన సర్టిఫికెట్ కావాలి. అలాంటి సర్టిఫికెట్ ఇవ్వని దేశం మీదైతే, ఉన్నత ప్రాంతీయ కోర్టు అధ్యక్షుడి నుంచి మినహాయింపు తెచ్చుకోవాలి. అంటే మీ ఫైలును రిజిస్ట్రారుతో పాటు కోర్టులోనూ చదువుతారు. ఒకరి అనుభవం ఇంకో దేశంలో పనికొస్తుందని ఎలా అనుకుంటాం?

పేరు తేడాలన్నీ ఒకటే అనుకోవడం ఇంకో పొరపాటు. పాస్‌పోర్టు ఫోటో పేజీ అడుగున యంత్రం చదివే రెండు వరుసలు చూడండి. ఒక్కో వరుసలో 44 స్థానాలు, అందులో పేరుకు దక్కేవి 39. పేరు పొడుగైతే తెగిపోతుంది. పైన చుక్కలున్న ‘యు’తో ముద్రించిన జర్మన్ పేరు కింద ‘యు, ఈ’ అని రెండక్షరాలుగా కనిపిస్తుంది. ఇలాంటివి అంతర్జాతీయ ప్రమాణం వల్ల వచ్చే తేడాలు, వీటికి భయపడక్కర్లేదు. రష్యన్‌లో ‘యూలియా’ అన్న పేరు పాత పాస్‌పోర్టులో వై-యు-ఎల్-ఐ-ఏ అని ఉండి, రష్యన్ పేర్లను ఇంగ్లీషు అక్షరాల్లో రాసే పద్ధతి మారాక కొత్తదాంట్లో ఐ-యు-ఎల్-ఐ-ఐ-ఏ అని వస్తుంది. ఇక్కడ పాత పాస్‌పోర్టు దాచుకుంటే చాలావరకు గట్టెక్కుతారు. గుమాస్తా తప్పు రాసిన పేరు సంగతి వేరు, మొదటి పెళ్లితో మారిన పేరు సంగతి వేరు. ఏ రకం తేడానో తేల్చుకోకుండా అన్నిటికీ అఫిడవిట్ అనడం, ఏ నొప్పికైనా ఒకే మాత్ర మింగమన్నట్టుంది.

ఇక అసలు విషయం, అఫిడవిట్ మీద అపోస్టిల్. ఎక్కువమందిని ముంచేది ఇదే. అపోస్టిల్‌కి ఆధారం 1961 అక్టోబరు 5 నాటి హేగ్ ఒప్పందం. అది ధ్రువీకరించేవి మూడే: కాగితం మీది సంతకం నిజమైనదే, సంతకం పెట్టిన వ్యక్తి ఫలానా హోదాలో పెట్టారు, ముద్ర ఫలానా వారిదే. లోపల రాసింది నిజమని అది ఎక్కడా అనదు. మీ దగ్గర అపోస్టిల్ ఉంటే ఒకసారి తీసి చదవండి. ఒకటి నుంచి పది వరకు అంకెలు వేసి ఉంటాయి: దేశం, సంతకం చేసినవారు, హోదా, ముద్ర, ఊరు, తేదీ, ఇలా. అఫిడవిట్‌కి వేసిన అపోస్టిల్‌లో రెండో అంకె ఎదురుగా సాధారణంగా ఉండేది నోటరీ లాంటి అధికారి పేరు. పదింటిలో ఎక్కడా మీ పేరు కోసం గడి లేదు. మీ రెండు పేర్లూ ఒకే మనిషివని అపోస్టిల్ ఎలా చెబుతుంది?

పైగా ఒప్పందంలో లేని దేశాలకు అపోస్టిల్ పనిచేయదు, కాన్సులేట్ ద్వారా ధ్రువీకరణ చేయించాలి. చైనాలో ఈ ఒప్పందం అమల్లోకి వచ్చింది 2023 నవంబరులో, కెనడాలో 2024 జనవరిలో. యూరోపియన్ యూనియన్ దేశాల మధ్య బర్త్ సర్టిఫికెట్ లాంటివాటికి 2019 ఫిబ్రవరి 16 నుంచి అపోస్టిల్ అడగకూడదు. పాత సలహాలు ఇలాగే తప్పుదారి పట్టిస్తాయి.

అఫిడవిట్ దండగ అని నేననడం లేదు. అమెరికాలో దేశమంతటికీ కలిపి ఒకే పెళ్లి రిజిస్టరు లేదు కాబట్టి, తమకు పెళ్లి కాలేదని అమెరికన్లు ప్రమాణం చేసి ఇచ్చే పత్రాన్ని చాలా దేశాలు తీసుకుంటాయి. చూపించడానికి వేరే రికార్డు లేనప్పుడు అఫిడవిట్‌కి విలువ ఉంది. రికార్డు ఉండి, అందులో తప్పుంటే మాత్రం ఆ రికార్డునే సరిచేయించాలి.

అనువాదంలో సర్దుకోవడమా? ఆ పని ఏ అనువాదకుణ్ణీ అడగొద్దు. ప్రమాణం చేసిన అనువాదకులు ఉన్నది ఉన్నట్టు రాయాలి. మహా అయితే “పాస్‌పోర్టులో స్పెల్లింగ్ ఇలా ఉంది” అని కింద ఒక గమనిక పెట్టగలరు. అనువాదంలో ఒక పేరు, అసలు కాగితంలో ఒక పేరు కనిపిస్తే అప్పుడు మీ నిజాయితీ మీదే అనుమానం మొదలవుతుంది.

పెళ్లితో ఇంటిపేరు దానంతటదే మారదు. ఫ్రాన్స్‌లో 1794 నాటి చట్టం ప్రకారం చట్టబద్ధమైన పేరు పుట్టినప్పటి పేరే. కెనడాలోని క్యుబెక్ రాష్ట్రంలో 1981 నుంచి భార్య తన పేరుతోనే కొనసాగుతుంది. జపాన్‌లో విదేశీయుణ్ణి పెళ్లాడినవారు ఆ ఇంటిపేరు కావాలంటే ఆరు నెలల్లోపు దరఖాస్తు ఇవ్వాలి.

చివరి ముక్క, “పెళ్లయ్యాక మార్పించుకోవచ్చు”. జర్మనీలో స్థిరపడిన ఒక గ్రీకు మసాజ్ నిపుణుడికి 1983లో అక్కడే పెళ్లయింది. రిజిస్టరులో ‘కాన్‌స్టాడినిడిస్’ అని పడింది, పాస్‌పోర్టులో ‘కాన్‌స్టాంటినిడిస్’. 1990లో సరిచేయమని అడిగాడు. అప్పుడు గ్రీకు బర్త్ సర్టిఫికెట్‌ని ఐఎస్ఓ (అంతర్జాతీయ ప్రమాణాల సంస్థ) లిపి పద్ధతిలోనే రాయాలన్న నిబంధన బయటికొచ్చి, ఆయన సొంత పేరు ‘క్రిస్టోస్’ కాస్తా ‘హ్రెస్టోస్’ అయ్యే ప్రమాదం వచ్చింది. వ్యవహారం లక్సెంబర్గ్‌లోని యూరోపియన్ న్యాయస్థానం దాకా వెళ్లి, 1993 మార్చి 30న తీర్పు వచ్చింది: ఉచ్చారణే మారిపోయేలా రాసి, వృత్తిలో ఆయన్ని వేరే మనిషి అనుకునే ప్రమాదం తెచ్చిపెట్టకూడదని. న్యాయం ఆయన వైపే ఉంది. అయినా పెళ్లయిన దాదాపు పదేళ్లకు గానీ అది తేలలేదు.

మరి ఏం చేయాలి? పెళ్లి నమోదు చేసే ఆఫీసుకు ముందే రాసి, ఏ కాగితంలోని పేరును ఆధారంగా తీసుకుంటారో రాతపూర్వకంగా అడగండి. పేరు చట్టప్రకారం మారి ఉంటే మధ్యలోని ప్రతి కాగితమూ తీయండి: బర్త్ సర్టిఫికెట్, మొదటి పెళ్లి సర్టిఫికెట్, విడాకుల తీర్పు, ఇప్పటి పాస్‌పోర్టు. గొలుసులో ఒక్క లంకె లేకపోయినా అక్కడే ఆపుతారు. తప్పు పడి ఉంటే బర్త్ సర్టిఫికెట్‌తో మొదలుపెట్టి సరిచేయించుకోండి, ఆ తర్వాత పాస్‌పోర్టు, చివరగా పెళ్లి కాలేదన్న సర్టిఫికెట్. చివరిదానికి చాలాచోట్ల మూడు నుంచి ఆరు నెలల గడువే ఉంటుంది, ముందే తీసుకుంటే మిగతావి తేలేలోపు అది చెల్లకుండా పోతుంది. విమానం టికెట్ కొత్త పాస్‌పోర్టు చేతికొచ్చాకే కొనండి.

పెళ్లి రోజు రిజిస్టరు మీ ముందు పెట్టి సంతకం చేయమంటారు. చుట్టూ అందరూ నవ్వుతూ ఫోటోల కోసం ఎదురుచూస్తుంటారు. ఒక్క నిమిషం ఆగమనండి. పాస్‌పోర్టు పక్కన పెట్టుకుని, ఆ కౌంటర్ దగ్గరి ఆవిడలాగే ఒక్కో అక్షరం కింద వేలు పెట్టి చదివి, అప్పుడు సంతకం చేయండి. నేనలాగే చేశాను.