ఇంటికో పాత లేత్ మిషన్ ఉండాల్సిందే

ఇంటింటికీ నల్లా నీళ్లు వచ్చాయి. 2018 జనవరి 1 నుంచి వ్యవసాయానికి 24 గంటల కరెంటు వచ్చింది. ఇక నల్లగొండ మధ్యతరగతి ఇంట్లో మిగిలిన లోటు ఒక్కటే, ఇనుప ముక్కను గిర్రున తిప్పుతూ టూలుతో చెక్కే లేత్ మిషన్. రిటైరైన ఇంజనీర్లు, వర్క్ ఫ్రమ్ హోమ్ పిల్లలు, పొద్దుగూకులు యూట్యూబ్‌లో టర్నింగ్ వీడియోలు చూసే బ్యాంకు ఉద్యోగులు ఈ లోటును సొంత డబ్బుతో, ఏ సబ్సిడీ ఆశించకుండా తీర్చుకుంటున్నారు. ఇంత త్యాగం చేస్తున్నా వీళ్ల గురించి అసెంబ్లీలో ఒక్కరైనా మాట్లాడారా?

కొందరు గిట్టనివాళ్లు ఉంటారు. "ఊళ్లో లేత్ షాపులున్నాయి కదా, షాఫ్టు తిరిగే చిన్న గొట్టం, అదే బుష్, కావాలంటే సాయంత్రానికి చేసిస్తారు కదా" అంటారు. నిజమే. బోరు మోటార్ల షాఫ్టుల నుంచి మిర్యాలగూడ రైస్ మిల్లుల పుల్లీల దాకా చేసే ఆ చేతులకు మన బుష్ ఒక లెక్కా! కానీ అక్కడ రెండొందలిచ్చి వచ్చేస్తే బుష్ మాత్రమే వస్తుంది. అదే బుష్ ఇంట్లో చేసుకుంటే రెండేళ్లపాటు మాట్లాడుకోవడానికి ఒక విషయం ఉంటుంది. రెండు లక్షలు పోతే పోయాయి.

పోనీ కొత్తది కొనొచ్చు కదా అంటారా? కొత్త మిషన్‌కు బిల్లు ఉంటుంది, గ్యారంటీ ఉంటుంది, గేర్లన్నీ ఉంటాయి. ఇక కొన్న మనిషికి పనేముంది? పాతదాని దర్జా వేరు. బాలానగర్‌లోనో జీడిమెట్లలోనో ఓ షెడ్డు మూతపడితే అందులోని మిషన్లు నాలుగు చేతులు మారి, చెయ్యి చెయ్యికీ పదేళ్ల వయసు తగ్గించుకుని మన దాకా వస్తాయి. వయసు తగ్గించే మందులు రెండే, లప్పం, ఆకుపచ్చ పెయింటు. పెయింటు ఎంత మెరిస్తే అంత భయపడాలని తెలిసినవాళ్లు చెబుతారు. తెలిసినవాళ్ల మాట వింటే ఒక్క పాత మిషన్ కూడా అమ్ముడుపోదు కాబట్టి ఆ మాట పక్కన పెడదాం.

అమ్మకానికి వచ్చే పాత లేత్‌లన్నీ హెచ్‌ఎంటీలే. 1953లో బెంగళూరులో పుట్టిన ఆ ప్రభుత్వ సంస్థ చేసిన లేత్‌ల కంటే మన దగ్గర అమ్ముడైన హెచ్‌ఎంటీ లేత్‌లే ఎక్కువని నా అనుమానం. పేరు ప్లేటు ఉండదు, రివెట్లు కొట్టిన బొక్కలుంటాయి. అమ్మేవాణ్ణి అడిగితే "ఎవడో పిల్లగాడు పీకిండు సార్" అంటాడు. అది బటాలాలో పోసిన ఇనుమో, రాజ్‌కోట్‌లో పోసిందో పీకిన పిల్లగాడికే తెలియాలి. ఇంట్లో చెప్పేటప్పుడు మాత్రం జాగ్రత్త. మన దగ్గర హెచ్‌ఎంటీ అంటే బియ్యం. మహారాష్ట్ర రైతు దాదాజీ ఖోబ్రగడే తాను ఎంపిక చేసి పెంచిన వరికి ఆ సంస్థ వాచీ పేరే పెట్టాడు మరి. "పాత హెచ్‌ఎంటీ దొరికింది, తెస్తున్నా" అని ఫోన్ చేస్తే అవతల నుంచి సంతోషంగా "ఎన్ని బస్తాలు?" అని వినిపిస్తుంది. బియ్యం పాతబడితే ధర పెరుగుతుంది. లేత్‌కు ఆ గౌరవం ఇవ్వడానికి ఆడవాళ్లు ఎందుకు ఒప్పుకోరో అర్థం కాదు.

పెబ్బేరు సంతలో ఎద్దును కొనే రైతు ముందు నోరు తెరిచి పళ్లు చూస్తాడు, నాలుగడుగులు నడిపిస్తాడు. చదువుకున్నవాడు అలా అనుమానించడు. కొందరు మాత్రం బెడ్డు మీద, అంటే మిషన్ పొడవునా ఉండే పట్టాల మీద వేలు పెడతారు. టూలును మోసుకుని జరిగే క్యారేజీ ఎన్నడూ వెళ్లని కొస నుంచి, చెక్కే ముక్కను పట్టి తిప్పే చక్ వైపు గోరు జరుపుతూ పోతే ఒకచోట టక్కున తట్టుకుంటుంది. ఆ మెట్టు దగ్గరి నుంచి మొదలవుతుంది మిషన్ అసలు వయసు, దానికి పెయింటు వేయడం కుదరదు. చేసే జాబ్‌లన్నీ చక్ దగ్గరే కాబట్టి అరుగుదలంతా అక్కడే ఉంటుంది. అక్కడ వదులు లేకుండా జిబ్ పట్టీ బిగిస్తే క్యారేజీ అవతలి కొసన టెయిల్‌స్టాక్ వైపు వెళ్లేసరికి పట్టేస్తుంది. ఆ కొసన కదిలేలా వదిలితే చక్ దగ్గర గలగలమంటుంది. దీనికి అమ్మేవాడి దగ్గర మంచి పరిష్కారం ఉంది. "మీవన్నీ చిన్న జాబులే గద సార్, అంత దూరం ఎందుకు పోతరు?"

సౌండు వినాలంటారా? నడిపించి చూపిస్తాడు. చక్‌ను తిప్పే గేర్లుండే హెడ్‌స్టాక్‌లో ఉండాల్సిన పల్చటి ఆయిల్ తీసేసి చిక్కటి నైంటీ గేర్ ఆయిల్ పోసి ఉంటాడు కాబట్టి మిషన్ పూజగదిలా ప్రశాంతంగా ఉంటుంది. మర, అంటే బోల్టు మీది చుట్లు, కోసే గేర్లు ఏవంటే, "అన్నీ సంచిల ఉన్నై సార్, రేపు పంపిస్త" అంటాడు. మర కోసేటప్పుడు టూలును నడిపించే లీడ్ స్క్రూ అంగుళాల లెక్కది. అంగుళమంటే 25.4 మిల్లీమీటర్లు కాబట్టి దానితో మిల్లీమీటర్ల మర కచ్చితంగా కోయాలంటే 127 పళ్ల గేరు ఒకటి ఉండాలి. ఆ గేరు కూడా సంచిలోనే ఉంటుంది. సంచి ఎక్కడుంటుందో తర్వాత చెబుతాను.

మిషన్ ఇల్లు చేరడం గొప్ప ఆర్థిక ఘట్టం. డీసీఎం, హైడ్రా క్రేను, గేటు ఊడదీసే వెల్డరు, మళ్లీ పెట్టే వెల్డరు, పార్కింగ్ టైల్స్ పగిలాక కాంక్రీటు బెడ్ పోసే మేస్త్రీ, ఇందరికి పని దొరుకుతుంది. తర్వాత ఎలక్ట్రీషియన్ వస్తాడు. మోటారు 415 వోల్టుల త్రీఫేజ్, ఇంట్లో ఉన్నది 230 వోల్టుల సింగిల్ ఫేజ్. "బోరు మోటరుకు పెట్టినట్టు కండెన్సర్ పెడదాం సార్" అంటాడతను. మోటారు తిరుగుతుంది గానీ బలం తగ్గుతుంది, వేడెక్కుతుంది. ఇంటర్నెట్‌లో చదివిన గృహస్థుడు సింగిల్ ఫేజ్‌ను త్రీఫేజ్ చేసే వీఎఫ్‌డీ తెప్పించి, 230 వోల్టులకు సరిపోయేలా మోటారు కనెక్షన్ స్టార్ నుంచి డెల్టాకు మార్పిస్తాడు. ఇది సరైన పద్ధతే, అందుకే దీని మీద వెక్కిరింపు ఏమీ తోచడం లేదు. ఆ తర్వాత నాలుగు దవడల చక్, డయల్ గేజ్, మైక్రోమీటరు, టూల్ బిట్లు. వీటికి మళ్లీ మిషన్ ధరంత అవుతుంది.

ఇన్ని దాటాక హ్యాండిల్ తిప్పితే పావు చుట్టు దాకా టూలు కదలదు. టూలును అడ్డంగా జరిపే క్రాస్ స్లైడ్ కింద గన్‌మెటల్ నట్టు అరిగిందన్న మాట. కొత్త నట్టు చేయడానికి లేత్ కావాలి. లేత్ ఉంది, కానీ ఆ నట్టు విప్పితే నడవదు. మా కాలనీలో రిటైరైన ఏఈ గారొకరు ఈ దశకు చేరి, అరిగిన నట్టును పాత బనీను గుడ్డలో చుట్టుకుని లేత్ షాపుకు వెళ్లారు. మిస్త్రీ దాన్ని వెలుతురులో తిప్పి చూశాడు.

"ఎడమ మర. చేస్త గాని, ఆకుపచ్చ మిషన్‌దా సారూ ఇది? టెయిల్‌స్టాక్ హ్యాండిల్‌కు వెల్డింగ్ అతుకు ఉంటది?"

"అవును, నీకెట్ల తెలుసు తమ్మీ?"

"అది మా షాపుదే. నట్టు పోయిందని స్క్రాపుకు ఏసినం. గేర్ల సంచి ఇంకా ఇక్కడనే ఉన్నది, కావాల్నంటే తూకానికి ఇస్త."

సారు సంచి విప్పించి, మిస్త్రీ లోపలికి వెళ్లగానే నేల మీద గొంతుక్కూర్చుని ఒక్కో గేరు పళ్లు లెక్కపెట్టడం మొదలుపెట్టారు.