ఆ ఎర్ర అట్ట పుస్తకం ఒక్కడిదేనా?

ఈమధ్య మేము పారిస్ శివార్లలో ఇల్లు కొన్నాం. నోటరీ గారు దస్తావేజు మొత్తం పైకి చదివి వినిపించారు. ఆయన బల్ల మీద ఇటుకంత మందాన ఎర్ర అట్ట పుస్తకం ఒకటి ఉంది. అది ఫ్రాన్సు పౌరస్మృతి, అంటే పెళ్లి, ఆస్తి, వారసత్వం లాంటి విషయాల చట్టాల పుస్తకం. నెపోలియన్ పేరుతోనే అది ప్రసిద్ధి. మా ఆవిడ సంతకం చేస్తుండగా, తోడు వచ్చిన మిత్రుడు ఆ పుస్తకం చూపించి, "నెపోలియన్ లాంటి మొనగాడు వస్తే తప్ప ఏ దేశమూ బాగుపడదండీ" అన్నారు. మన సంఘం భోజనాల దగ్గర ఈ మాట చాలాసార్లు విన్నాను. విన్న ప్రతిసారీ బాధపడ్డాను.

దేశమంతటికీ ఒకే పౌరస్మృతి ఉండాలని రాసుకున్నది ఫ్రెంచి విప్లవం తెచ్చిన 1791 నాటి రాజ్యాంగం. అంతకు ముందు ఉత్తరాన స్థానిక ఆచారాలు, దక్షిణాన రోమన్ చట్టం. ప్రాంతం మారితే ఆస్తి పంపకాల పద్ధతే మారిపోయేది. పౌర వివాహం, విడాకులు 1792లో వచ్చాయి. సంతానానికి సమాన వాటా 1794 నాటి చట్టం. కాంబసెరెస్ అనే న్యాయవాది 1793, 1794, 1796లలో మూడుసార్లు ముసాయిదా తయారుచేశాడు. మూడూ గట్టెక్కలేదు. నెపోలియన్ అధికారానికి వచ్చింది 1799 నవంబరులో. అంటే పొలం దున్ని, విత్తనం వేసినవాళ్లు వేరే ఉన్నారు.

అతను చేసిన మేలును నేను కాదనను. 1800లో నలుగురు న్యాయకోవిదులకు పని అప్పగించాడు. చట్టాల విషయంలో ప్రభుత్వానికి సలహా ఇచ్చే రాజ్యమండలి వందకు పైగా సమావేశాల్లో ఆ ముసాయిదాను చర్చిస్తే, దాదాపు సగానికి తానే అధ్యక్షత వహించాడు. దత్తత మీద, విడాకుల మీద పట్టుబట్టి వాదించాడు. విప్లవం పదేళ్లలో పూర్తిచేయలేని పనిని నాలుగేళ్లలో ముగించాడు.

ఎలా ముగించాడన్నదే నా బాధ. 1801 చివర్లో తొలి భాగాలు ట్రిబ్యునేట్ ముందుకు, అంటే బిల్లులను చర్చించే సభ ముందుకు వస్తే సభ్యులు తప్పులు ఎత్తిచూపారు. 1802 జనవరిలో అతను బిల్లులు వెనక్కి తీసుకున్నాడు. ఎదురు చెప్పినవాళ్లను సభ నుంచి తప్పించాడు. అదే ఏడాది మే 20న, విప్లవ సభ 1794లో రద్దుచేసిన బానిసత్వానికి మళ్లీ చట్టం ముద్ర పడింది. పౌరస్మృతి 1804 మార్చి 21న వెలువడింది. ఆ రోజు తెల్లవారుజామునే పారిస్ పక్కనున్న వెన్సెన్ కోట కందకంలో, పాత రాజవంశానికి చెందిన ఆంగియెన్ డ్యూకును కాల్చి చంపారు. పొరుగు రాజ్యం నుంచి ఎత్తుకొచ్చి, రాత్రికి రాత్రే విచారణ జరిపి, తెల్లారేలోపు కాల్చేశారు. చట్టం ముందు అందరూ సమానమని చాటిన రోజున జరిగిన పని ఇది.

మన తెలుగువాళ్లకు ఈ చట్టం పరాయిదేమీ కాదు. 1805లో అది అప్పటికి ఫ్రెంచి వలసగా ఉన్న మారిషస్ చేరింది, అక్కడి బానిసలను మాత్రం గడప బయటే ఉంచి. 1810లో బ్రిటిష్ వాళ్లు దీవిని గెలుచుకున్నా ఆ చట్టాన్ని తీసేయలేదు. తర్వాత కోరంగి రేవు నుంచి చెరకు తోటలకు వెళ్లిన మన కూలీల వారసులు నేటికీ ఆ పునాది మీదే పెళ్లిళ్లు నమోదు చేసుకుంటున్నారు, ఆస్తులు పంచుకుంటున్నారు. ఆ బానిసత్వాన్ని ఫ్రెంచి వలసల్లో శాశ్వతంగా తుడిచిపెట్టడానికి 1848లో ఇంకో విప్లవం కావలసివచ్చింది.

నోటరీ గదిలో మా ఆవిడ చేతిలోని కలాన్నే చూస్తూ ఉండిపోయాను. 1804 నాటి 217వ నిబంధన ప్రకారం భర్త ఒప్పుకోలు లేకుండా భార్య ఆస్తి కొనడానికి వీల్లేదు. 213వ నిబంధన ప్రకారం ఆమె భర్తకు విధేయురాలిగా ఉండాలి. ఆ విధేయత 1938 దాకా పోలేదు. భర్త అనుమతి అడగకుండా ఉద్యోగంలో చేరే హక్కు, బ్యాంకు ఖాతా తెరిచే హక్కు 1965లో గానీ రాలేదు. ఏ మొనగాడూ ఇచ్చినవి కావవి. స్త్రీలు ఏళ్ల తరబడి అడిగి, పోరాడి, పార్లమెంటుచేత మార్పించుకున్నవి.

సంతకాలయ్యాక నోటరీ గారిని అడిగి ఆ పుస్తకం తీసుకుని, మిత్రుడికి 213వ నిబంధన చూపించాను. నెపోలియన్ నాటి అంకె అలాగే ఉంది. దాని కింద ఇప్పుడున్న వాక్యం 1970లో రాసినది. కుటుంబ బాధ్యతను దంపతులిద్దరూ కలిసి నడపాలని అందులో ఉంది.